మఠంలో మంద

ఇంగ్లండులో చదువుకుంటున్న మనవరాలు నన్నొక పాడుబడిన పాత మఠానికి తీసుకెళ్లింది. మొండిగోడల మధ్య గొర్రెలు మేస్తున్నాయి. వాటి కాపరి, నా ఈడు ముసలాయన, ఆ మఠం కథ చెబుతుంటే మనవరాలు నాకు తెలుగులో చెప్పింది.

"సన్యాసులు ఉన్ని అమ్మి కట్టినారంట. మన మాదిరే ఎరువు కోసం రాత్రిళ్లు చేలల్లో మంద పెట్టేవాళ్లంట తాతా! రాజు మఠం మూయించి, కప్పు పీకించినాడంట."

నాకు కన్ను కుట్టింది. "మన బలసముద్రంలో నావి ఐదు వందల గొర్రెలుండాయని చెప్పు."

"యాడుండాయి? చేనంతా సోలారు పలకలకిచ్చినావు కదా!"

"చెప్పు పాపా!"

చెప్పింది. ఆయన కళ్లు మెరిశాయి. ఇప్పటికీ చేలో మంద పెడతారా అని అడిగాడు.

ఇక బొంకలేకపోయాను. "ఉండింది పన్నెండే. బీడు లేక అమ్మేసినా. ఈయప్ప మఠానికి కప్పు పోయినా గొర్రెలుండాయి. నా చేనికి కప్పేసినారు, గొర్రెలు పోయినాయి."

నేనేమన్నానో ఆయన రెండుసార్లు అడిగినా, ఆ మాట మాత్రం పాప ఇంగ్లీషులో చెప్పలేదు.