పాట ఆగిన జర్మన్ గాయని ఊరికి

షెఫీల్డ్ నుంచి స్టీవెనేజ్‌కు నేను పట్టుకున్న దారిలో డాంకాస్టర్‌లో రైలు మారాలి. 2014 నవంబరులో ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి ముసురులో బయలుదేరాను. మా ఆయన హాస్పిటల్ డ్యూటీలో ఉన్నారు. ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో పులిహోర సర్దుకున్నాను. స్టీవెనేజ్ దగ్గరి పల్లెలో ఉన్న ఒక జర్మన్ ఒపేరా గాయని సమాధి చూడాలని నా పట్టుదల.

ఎందుకో చెబుతాను. నా మెడలో థైరాయిడ్ గడ్డ ఉంది. అది మంచిది కాదని పరీక్షల్లో తేలింది. తీసేటప్పుడు గొంతును ఆడించే నరం తెగవచ్చని, తెగితే పాట మీద ఆశ వదులుకోవాలని సర్జన్ చెప్పారు. ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతాను. నేను పాడాలి, వాళ్లు తిరిగి పాడాలి. మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. అందుకే ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చాను.

ఆ రోజుల్లోనే లైబ్రరీ పుస్తకంలో ఈమె కథ కనబడింది. పంతొమ్మిదో శతాబ్దం మనిషి, సాక్సనీలో వయొలిన్ వాయించే ఒకాయన కూతురు. ఇరవై నిండకుండానే వేదికెక్కి బెర్లిన్‌నూ వియన్నానూ ఊపేసింది. లండన్‌లో గొంతు వాచి, డాక్టరు వద్దన్నా సీజనంతా పాడింది. పుస్తకం అక్కడితో ఆమెను వదిలేసి, చనిపోయిన ఊరు మాత్రం చెప్పింది. నాలాంటి మొండిది ఒకతె ఉండేదని ధైర్యం వచ్చింది. ఆ ధైర్యాన్ని ఇంకాస్త తెచ్చుకుందామనే ఈ ప్రయాణం.

డాంకాస్టర్‌లో ఎక్కిన రైల్లో పక్క సీటు అమ్మాయిది కరీంనగర్. మాస్టర్స్ అయిపోయి స్టీవెనేజ్‌లో ఫ్రెండ్ ఫ్లాట్‌కు వెళుతోంది. పులిహోర చెరిసగం తిన్నాం.

"సమాధి చూసెతందుకు గింత దూరమా ఆంటీ? మీకేమన్న సుట్టమా?" అంది.

చుట్టమేనన్నాను. ఆ పిల్ల నవ్వింది, నాకే నవ్వు రాలేదు.

పల్లెకు బస్సు గంటకొకటే. వెళ్లాలనుకునేవాళ్లు ఆదివారం పెట్టుకోవద్దు, అసలు ఉండదు. పన్నెండింటికి దిగితే ఒక చర్చి, ఒక పబ్, మడమల దాకా బురద. ఆమె సమాధి రాయి మీద పేరు కింద 'సంగీతం టీచరు' అని మాత్రమే చెక్కి ఉంది. ఒపేరా ఊసే లేదు.

చర్చిలో పూలు సర్దుతున్న ముసలావిడను అడిగాను. వాళ్ల నాయనమ్మ ఆమె శిష్యురాలట. ఆ లండన్ సీజన్ చివర్లో వేదిక మీదే గాయని గొంతు పోయింది, మళ్లీ రాలేదు. ఆ తరవాత ఇక్కడికొచ్చి నలభై ఏళ్లు పాఠాలు చెప్పింది, ఒక్క స్వరమైనా పాడి చూపకుండా. పిల్ల అరచేతిని తన వీపు మీద పెట్టించుకుని, ఊపిరి ఎక్కడ నింపాలో, ఎలా వదలాలో తెలియజెప్పేదట.

"అప్పుడే ఎందుకు ఆపలేదని మా నాయనమ్మ ఒకసారి అడిగింది," అందావిడ. "ఇంకొక్క నెలే కదా అనుకున్నాను అందట."

సర్జన్‌తో నేనన్నదీ అదే మాట. మొండితనమనుకుని మురిసిపోయాను గానీ, నాది ఒట్టి భయం. గడ్డను వదిలేసినా గొంతు పోయేదే అయితే మనిషైనా మిగలాలి.

పబ్‌లో సూపు తాగి మూడింటి బస్సు పట్టుకున్నాను. చూడదగ్గ చోటేనా అంటే, తడిసిన గడ్డి, ఒక రాయి, అంతే. చీకటిపడ్డాక డాంకాస్టర్‌లో షెఫీల్డ్ రైలెక్కి మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఆపరేషన్‌కు డేట్ తీసుకోండి," అన్నాను.

"మంచి పని చేశావు," అన్నారు, పేషెంట్లతో మాట్లాడే గొంతుతో. ఆ తరవాత, "ఇంటికొచ్చాక ఏదైనా పాడవా?" అన్నారు. పెళ్లయ్యాక ఆయన అలా అడగడం అదే మొదలు.

ఏం పాడమంటారని అడిగాను. ఒక్క పాట పేరూ తట్టలేదు ఆయనకు.

"నువ్వు ఏది పాడినా సరే," అన్నారు.

ఫోన్ పెట్టేసి, షెఫీల్డ్‌కు ముందు స్టేషన్ మెడోహాల్ వచ్చేదాకా ఏడ్చాను.