రాహుకాలంలో పెట్టిన ఆప్షన్లు

కాలేజీ దరఖాస్తుల రోజుల్లో మార్కాపురంలోని మా ఇంటికి పిల్లలు సలహా కోసం వస్తారు. ఊళ్లో నాకు వితండవాది అని పేరున్నా, ఫారాలు నింపడంలో మాత్రం నమ్మకస్తుణ్నని పేరు. ఆ రెండో పేరు నిరుడు పోబోయింది.

మా చిన్నాన్న కొడుకు యర్రగొండపాలెం అవతలి పల్లె నుంచి కూతురితో బస్సు దిగాడు. అతనిది గొర్రెల మంద. అమ్మాయి ఇంటర్ పాసైంది, డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదవాలని పట్టుదల. మాకు తెలిసినంతలో ఆ కోర్సు, ఆడపిల్లలకు హాస్టలు రెండూ ఉన్న కాలేజీ గుంటూరులో ఒక్కటే. కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్లో ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఆ మంగళవారమే ఆఖరు.

ఇంటర్నెట్ సెంటర్లో మా వంతు వచ్చేసరికి మూడు దాటింది. తమ్ముడు గోడ గడియారం చూసి లేచి నిలబడ్డాడు.

"అన్నా, రాహుకాలం. అందులోనూ మంగళారం. నాలుగున్నర దాటనీ."

"అప్పటికి సర్వర్ పడిపోతే రాహువొచ్చి లేపుతాడా?"

"నీకేంది, నీ నోటికి దేవుడే జడిసినాడు. ఇది పిల్ల బతుకన్నా."

"నీ మందలో గొర్రె రాహుకాలంలో ఈనితే పిల్లను మళ్లీ లోపలికి తోస్తావా?"

సెంటర్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్వితే నేను ఆగను. గ్రహాలను, పంచాంగాన్ని, భయాన్ని అరగంట ఉతికాను. చివరికి అతను "సరే, కానీ" అని కూర్చున్నాడు. ఆ గెలుపు మత్తులో నేను గడియారాన్నే చూస్తున్నాను. అతను కాలేజీల పేర్లు చెబుతుంటే సెంటర్ నడిపే ఆమె టైపు కొట్టింది: మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, కనిగిరి, అన్నిటికన్నా కింద గుంటూరు. నాలుగు లోపే పని అయిపోయింది.

బస్టాండులో టీ తాగుతుండగా అమ్మాయి మెల్లగా అంది: "పెదనాయనా, పైనున్న కాలేజీ దొరికితే కిందివి చూడరంట గదా. మరి మార్కాపురం పైన పెట్టినాం. అది నాకు కచ్చితంగా వస్తాది."

అంత వాదనలో ఆ పిల్లను మేమిద్దరం ఒక్క మాట అడగలేదు.

"అట్ల ఎందుకు పెట్టించినావురా?" అన్నాను.

"మేతకు తోలేటప్పుడు ఊరి పక్క బీడే మొదట చూస్తాం గదన్నా. ఆడ లేకుంటేనే అడివి దిక్కు. ముందే దూరం పోతే దగ్గరిది ఇంకోడి మంద తినిపోతాది."

"ఇక్కడ ఎవరి మందా తినదు. గుంటూరు రాకపోతే మార్కాపురం సీటు పిల్ల మార్కులకు అట్లనే దొరుకుతుంది. కంప్యూటరు పైనుంచి చూస్తూ వస్తుంది, మన మార్కులు సరిపోయిన మొదటిది ఇచ్చి ఆగిపోతుంది."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "గడియ చూడొద్దని అంతసేపు కొట్లాడినావు. వరసన్నా చూడాల్సింది గదన్నా!"

జీవితంలో చాలా సభల్లో మాట్లాడాను. ఇంత సూటిగా నన్ను ఓడించినవాళ్లు లేరు.

అదృష్టం అనే మాట నేను వాడను. నిబంధన వల్ల బతికాం: ఆప్షన్లు మార్చుకోవడానికి మరునాడు ఒక్కరోజు గడువు ఉంది. వాళ్లిద్దరూ మా ఇంట్లోనే ఉండిపోయారు. పొద్దున సెంటర్ తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాం. ఈసారి పేర్లు అమ్మాయే చెప్పింది. తమ్ముడు గడియారం వైపు చూడలేదు. నేను నోరు తెరవలేదు.

సీట్లు ప్రకటించిన రోజు అతని ఫోన్ వచ్చింది. వెనక గొర్రెల అరుపులు. "అన్నా, గుంటూరే!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "హాస్టలుకు ఏ మంచి రోజు చూసి పంపమంటావు?"

జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అమ్మాయిని అడుగు" అన్నాను.