ఇంజను కింద ఎర్ర జిగురు

"ఇంజను విప్పింది ఎవరు?"

వ్యాను కంపెనీ సర్వీసు అధికారి వుకాషిన్, వ్యాను యజమానురాలు రాదోయ్కాను అడిగిన మొదటి మాట అదే. కూర్చోమనలేదు, కాఫీ తెప్పించలేదు. ఉజిత్సె ఊళ్లో కాఫీ ఊసెత్తకుండా ఎవరైనా మాట మొదలుపెట్టారంటే జవాబు ముందే ఖాయం చేసుకున్నారని అర్థం. అతను టార్చిలైటు వేసి, ఇంజను అడుగున నూనె తొట్టి అంచు చూపించాడు. ఫ్యాక్టరీలో పూసే జిగురు బూడిదరంగు. ఇక్కడున్నది ఎర్రది. మిరప పచ్చడి పొంగినట్టు అంచు దాటి గడ్డకట్టింది.

"బయటివాళ్ల చెయ్యి పడింది. గ్యారంటీ పోయిందమ్మా."

"ఇంజనే పోయింది నాయనా, ఇంక గ్యారంటీ ఉంటే ఎంత, పోతే ఎంత?" అంది రాదోయ్కా. విప్పిందెవరో మాత్రం చెప్పలేదు.

ఆమెకు యాభై దాటాయి. జ్లాతార్ కొండల మీద భర్త వదిలిపోయిన ఆవుల మంద ఉంది. చీజులాంటి గట్టి జున్ను చేస్తుంది, మీగడకు ఉప్పు వేసి మాగబెట్టి కైమాక్ చేస్తుంది, వారానికి రెండుసార్లు ఉజిత్సె సంతకు దిగుతుంది. పాత బండితో విసిగిపోయి, బ్యాంకు వాయిదాల మీద కొత్త వ్యాను కొంది. కొత్తదాన్ని నమ్మాలని అందరూ అన్నారు. పాత బండి మొరాయించినా ముందుగా దగ్గేది. కొత్తది ఆ మర్యాద కూడా నేర్వలేదు.

గ్యారంటీ ఇంకా ఉండగానే ఒక గురువారం కొండ ఎక్కుతుండగా ఇంజను నూనె హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగింది. కంపెనీకి ఫోను చేస్తే మూడు వారాల తర్వాత రమ్మన్నారు. జున్ను మూడు వారాలు ఆగుతుందేమో గానీ కైమాక్ ఆగదు, బ్యాంకు అసలే ఆగదు. అందుకని ఆ కొండల్లో ఎవరైనా చేసే పనే ఆమె కూడా చేసింది. బండిని మెల్లగా తన కూమ్ దగ్గరికి తోలుకుపోయింది.

కూమ్ అంటే చుట్టం కాదు, అంతకంటే ఎక్కువ; ఆడమనిషైతే కూమా. రాదోయ్కా పెళ్లిలో పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టినవాడు మిలూన్. ఆమె కూతురికి నామకరణమప్పుడు పసిగుడ్డును చేతుల్లో పట్టుకున్నదీ అతనే. అక్కడ అన్నదమ్ములు గట్టు తగాదాతో కోర్టుకెక్కుతారు, కూమ్ మీద మాత్రం ఎవరూ నోరెత్తరు. ఇది పవిత్రమైన బంధమని పాదిరీ ప్రతి పెళ్లిలోనూ చెబుతాడు. పవిత్రత సంగతి నాకు తెలియదు గానీ ఉపయోగం మాత్రం చాలా ఉంది. మిలూన్ రైల్వేలో రిటైరై, ఇంటి వెనక షెడ్డులో ఊరి బండ్లన్నీ బాగుచేస్తాడు. బోర్డు లేదు, లైసెన్సు లేదు.

అతను నూనె తొట్టి దింపాడు. జల్లెడ నిండా నల్లటి రబ్బరు పొట్టు.

"నూనెలో తిరిగే బెల్టు ఇది. పాములా కుబుసం విడుస్తోంది కూమా. నేను తుడవగలను, బెల్టు మార్చాల్సింది వాళ్లే. అప్పటిదాకా ఎక్కువ తిప్పకు."

"సంతకు తిప్పకుండా ఎట్లా?"

"ఆ మాటే బెల్టుకు చెప్పి చూడు."

తొట్టి బిగించి, చేతికి దొరికిన ఎర్ర జిగురు పూశాడు. డబ్బు తీసుకోలేదు, బిల్లు రాయలేదు. కూమ్ అయినవాడు బిల్లు రాస్తే అది బంధానికి రాసిన విడాకుల కాగితం కిందే లెక్క. కంపెనీ ఇచ్చిన మూడు వారాల గడువు రాకముందే, రెండో సంతకు పోయే దారిలో ఇంజను బిగుసుకుపోయింది.

కంపెనీ మొండికేసింది. రాదోయ్కా కోర్టుకెళ్లింది. ఆమె వకీలు స్లావిత్సా చిన్నపిల్ల, కానీ మాట కుండ బద్దలుకొట్టినట్టు ఉంటుంది.

"పిన్నీ, విప్పినవాడు వచ్చి తను చూసిన పొట్టు సంగతి చెబితే గెలుస్తాం. పేరు చెప్పు."

"పేరు చెబితే రేపు పన్నులవాళ్లు అతని షెడ్డు ముందుంటారు."

"చెప్పకపోతే ఎల్లుండి బ్యాంకువాళ్లు నీ గడప ముందుంటారు."

"వాళ్లకు నా దారి తెలుసులే, ఎప్పుడూ వచ్చేవాళ్లే."

కోర్టు గది చిన్నది, చలికాలం, అందరూ కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. మిలూన్ చివరి బల్ల మీద టోపీ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. తోడుగా వచ్చాడనుకుంది ఆమె. కంపెనీ వకీలు లేచి, ఇంజను విప్పిందెవరన్న అదే ప్రశ్న వేశాడు.

"నేనే విప్పాను," అంది రాదోయ్కా.

"మీరా? దేనితో?"

"చేతికందిన దానితో."

"తొట్టికి బోల్టులెన్ని ఉన్నాయి?"

ఆమె పైకప్పు వైపు చూసింది. "లెక్కపెట్టలేదు. పొదుగు గురించి అడగండి, నాలుగని చెబుతాను."

గది నవ్వింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వెనక బల్ల కిర్రుమంది.

"జడ్జిగారూ, పచ్చడి సీసా మూత కూడా ఈవిడ నాచేతే తీయిస్తుంది. విప్పింది నేను."

"కూర్చో కూమ్! నిన్నెవరడిగారు?"

"అబద్ధమాడటం చేతకానప్పుడు నోరు మూసుకోవాలి కూమా. నిన్ను చూళ్లేక లేచాను."

జడ్జి పెద్దావిడ. అతన్ని ముందుకు పిలిచి ప్రమాణం చేయించింది. బెల్టు పొట్టు సంగతంతా విన్నాక, "ఎంత తీసుకున్నారు?" అని అడిగింది.

"కూమా దగ్గరా?"

"పోనీ, బిల్లు?"

"ఇవాళ దీనికి బిల్లిస్తే, రేపు పిల్ల నామకరణానికీ ఇవ్వాల్సొస్తుందమ్మా."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మొహం పక్కకు తిప్పుకుంది. ఆవిడకూ ఒక కూమ్ ఉండే ఉంటాడు. కంపెనీ వకీలుకు నవ్వు రాలేదు.

"మీ షెడ్డుకు లైసెన్సుందా?"

"షెడ్డుకు తలుపే లేదు బాబూ."

టైపు చేసే అమ్మాయి ఆ మాటను కూడా ఉన్నదున్నట్టు కొట్టింది.

కోర్టు నియమించిన ఇంజనీరు బెల్టు పరీక్షించాడు. పొట్టు రాలడం తయారీ లోపమేనని, తొట్టి విప్పడం వల్ల దానికి ఒరిగిందీ తరిగిందీ ఏమీ లేదని రాశాడు. ఇంజను ఖరీదు కంపెనీయే ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆ వారంలోనే మిలూన్‌కు పన్నుల శాఖ నోటీసు వచ్చింది, యాభై వేల దినార్ల జరిమానాతో. నిజం చెప్పినవాడికి మేలు జరుగుతుందని పాదిరీలు చెబుతారు గానీ, పన్నులవాళ్లు పాదిరీల మాట వినరు.

రాదోయ్కా డబ్బు కవరులో పెట్టుకుని వెళ్లింది. మిలూన్ ద్రాక్ష తీగలు కత్తిరిస్తున్నాడు.

"అది లోపల పెట్టుకో. నా జరిమానా నాది."

"నా వల్లే కదా వచ్చింది."

"నీ వల్ల కాదు, బెల్టు వల్ల. తెచ్చినదానివి జున్ను తెచ్చుంటే తీసుకునేవాణ్ణి."

జున్ను బయట బండిలో ఉంది, పక్కింటివాళ్ల దగ్గర అద్దెకు తెచ్చిన బండిలో. వెళ్లి చక్రమంత ముద్ద తెచ్చి మిలూన్ వంటింట్లో పెట్టింది. కవరు తిరిగి ఇంటికి మోసుకొచ్చింది.

కంపెనీ పై కోర్టుకు వెళ్లింది. ఇంజను పోయిన వ్యాను రాదోయ్కా కొట్టం పక్కన పాతగోనెల కింద ఉంది, దానికి బ్యాంకు వాయిదాలు మాత్రం నెలనెలా కదులుతూనే ఉన్నాయి. ఇంజను ఖరీదు కింద కంపెనీ ఆమెకు ఇవ్వాల్సిన నాలుగు లక్షల ఎనభై వేల దినార్లు ఇంకా చేతికి రాలేదు.