ఎర్రబడిన తెల్లచీర

పక్క ఫ్లాటులో తలుపులకు పాలిష్ పెడుతున్నారు. అందరూ ముక్కు మూసుకుని లిఫ్టెక్కుతుంటే నేను మాత్రం గుమ్మంలో నిలబడి ఆ టర్పెంటైన్ వాసన పీలుస్తున్నాను. మా నాన్న చొక్కాల వాసన అది. నాన్న మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టారు. స్కూలు బీరువాలో దొరికిన ఫ్రెంచి చిత్రకారుల బొమ్మలు చూసి చూసి, గీతలు మానేసి, వెలుగును రంగుల మచ్చలతోనే పట్టుకోవాలని పంతం పట్టిన మనిషి.

మా ఊళ్ళో సుశీలమ్మగారు పత్తి మిల్లు యజమాని భార్య, మహిళా మండలి అధ్యక్షురాలు. గంజిపెట్టిన తెల్లటి మంగళగిరి చీర, చేతికి సన్నటి వాచీ, మెడలో ఒంటిపేట గొలుసు, అంతే. ఆవిడ నడిచొస్తుంటే వడ్డాణాలు పెట్టుకున్నవాళ్ళు కూడా పమిట సర్దుకునేవాళ్ళు. డబ్బున్నవాళ్ళంటే నాకు చిన్నప్పుడే ఒళ్ళుమంట, కానీ ఆవిడ ముందు నా నోరు లేచేది కాదు. మండలి హాల్లో పెట్టడానికి ఆవిడ బొమ్మ వేసే పని నాన్నకొచ్చింది. మాఘమాసపు ఎండలో, వాళ్ళింటి ముందు కల్లంలో ఆరబోసిన మిరపకాయల అంచున, గొడుగేసుకుని ఆవిడ వారం రోజులు నిలబడ్డారు. ఆ ఘాటుకి నాన్నా నేనూ తుమ్మితుమ్మి చచ్చాం. ఆవిడ చేతిరుమాలు కూడా తియ్యలేదు.

బొమ్మ మీద గుడ్డ తీసిన రోజు వాళ్ళ వరండా నిండా చుట్టాలే. ముందు నోరు తెరిచింది ఆవిడ ఆడపడుచు కోటమ్మ.

"ఇదేంది మాస్టారూ, మా మరదలికి ముక్కేదీ? తెల్లచీర కడితే ఎర్రనీళ్ళు పోశావేంది?"

"పోనీలే అక్కా, బోర్డులు రాసే పెయింటర్ని పిలిపించి దిద్దిద్దాం," అన్నారు మిల్లు యజమాని.

నాన్న కుంచె పట్టే చేతిని వెనక్కి దాచుకున్నాడు. ఆ బొమ్మ మీద ఇంకొకరి చెయ్యి పడితే ఈయన మళ్ళీ రంగులు ముట్టడని తొమ్మిదేళ్ళ నాకే అర్థమైంది.

సుశీలమ్మగారు మెట్లు దిగి, తిన్నగా మిరపకాయల దగ్గరికి వెళ్ళి, ఎండలో ఇటు తిరిగి నిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పండి వదినా, నా చీర ఏ రంగు?"

కుచ్చిళ్ళ నుంచి గడ్డం కింది దాకా మిరపకాయల ఎరుపు పాకి ఉంది. కోటమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎర్రగానే ఉందే తల్లీ!" అంది. ఓడిపోవడం ఇష్టంలేక, "అయినా నీ ముక్కు నాకిక్కడికి బానే కనపడతంది," అంది.

"బొమ్మని కూడా అంత దూరం నుంచి చూడండి, కనపడుతుంది."

మర్నాడే ఆ బొమ్మ, ఎవరి చెయ్యీ పడకుండా, మండలి గోడెక్కింది. నాన్న ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు రంగులు కలుపుతూనే ఉన్నాడు.

మండలి హాలు పడగొట్టినప్పుడు బొమ్మని నేను తెచ్చుకున్నాను. కల్లం ఉన్నచోట ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ గోడ. ఆవిడా లేరు, నాన్నా లేడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ తెల్లచీరకి ఈ ఎరుపేమిటంటారు. నేను కాఫీ చల్లారిపోయేదాకా వాదిస్తాను, సగం మంది నమ్మరు. ఆవిడకి ఎండలోకి నాలుగడుగులు సరిపోయాయి.