అబ్రహాము కట్టిన రేకు గూడు

మట్టల ఆదివారం సాయంత్రం అబ్రహాము కోళ్ల గూడు తలుపుకు అంచు మడుస్తున్నాడు. భార్య ఎలిజబెత్ తన కళ్లతో చూసిన అతని ఆఖరి పని అదే. డ్రమ్మును చీల్చి సాపు చేసిన రేకు అది. అంచు బ్లేడులా ఉంటుంది. దూరేటప్పుడు కోడి కాలు తెగకూడదని సుత్తితో మెల్లగా కొడుతూ, మధ్యలో దగ్గుతూ, వేలితో తడిమి చూసుకుంటూ చుట్టూ మడిచాడు. చేతులు కడుక్కొని చాయ్ తాగాడు.

"జెర నడుం వాలుస్త. నువ్వు పో, ఆలస్యమైతే మేడమ్ ఒర్రుతది" అన్నాడు.

అమీన్‌పూర్‌లో ఒక అపార్టుమెంటులో రాత్రి వంట ఆమె పని. చీకటి పడ్డాక తిరిగొచ్చేసరికి కోళ్లన్నీ గూట్లో ఉన్నాయి. గొళ్లెం పెట్టి ఉంది. అంటే మధ్యలో ఒకసారి లేచాడన్నమాట. మళ్లీ వచ్చి పడుకున్నాడు. అంతే, ఇక లేవలేదు.

ఇంద్రేశంలో అతన్ని కోళ్ల ఇంజనీరు అనేవాళ్లు. అంతకుముందు ఇరవై ఏళ్లు పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగాడు. కాంట్రాక్టర్లు మారారు గాని అతను పర్మనెంటు కాలేదు, దగ్గు ఒక్కటే అయింది. ఒక కొత్త కాంట్రాక్టరు వచ్చి, దగ్గేవాళ్లు వద్దని గేటు పాసు వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత నెల రోజులు అబ్రహాము గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒక పొద్దున లేచి, తుక్కు దుకాణంలో ప్యాలెట్ చెక్కలు కొని సైకిలు మీద వేసుకొచ్చి, ఇంట్లో ఉన్న నాలుగు నాటుకోళ్లకు గూడు కట్టాడు. దాన్ని చూసి ఎదురింటి వాళ్లు ఒకటి కట్టించుకున్నారు. వెంచర్లలో ఇళ్లు లేచేకొద్దీ, పిల్లలకు నాటు గుడ్లు కావాలనే సార్లు కారేసుకొని వెతుక్కుంటూ వచ్చారు.

"పైన టైల్స్ వేస్తావా అబ్రహామూ? మా ఎలివేషన్‌కు మ్యాచ్ కావాలి" అన్నాడు ఒక సారు.

"వేద్దాం సార్. గుడ్డు పెట్టుడు మరిచిపోయి టైల్స్ చూస్కుంట కూసుంటది కోడి" అన్నాడు అబ్రహాము. సారు నవ్వలేదు. టైల్సే వేయించుకున్నాడు.

అందరికీ చెక్క, జాలీతో కట్టాడు. తన ఇంటి గూడు కింద మాత్రం ముంగిస మట్టి తవ్వి దూరి, ఒక రాత్రి పిల్లలతో సహా తల్లికోడిని చంపేసింది. దాంతో అతనికి పంతం పట్టుకుంది. కింద సిమెంటు పోశాడు. నాలుగు దిక్కులా డ్రమ్ము రేకు, పైన రేకు. గాలికి మేకుతో చిన్న చిన్న రంధ్రాలు కొట్టాడు. ఇక చీమ కూడా దూరదు. కాని లోపల పట్టపగలు కూడా చీకటే. మొదటి వారం కోళ్లు దాని గడప తొక్కలేదు. తర్వాత ఏం చేశాడో గాని, ఎలిజబెత్ పని నుంచి వచ్చేసరికి రోజూ అన్నీ లోపలే ఉండేవి.

"ఎట్ల పోయినయ్?" అని అడిగింది ఒకసారి.

"ప్రార్థన చేసిన. సైతాను బయటుంటడని చెప్పిన. ఉరికినయ్."

ఆమె నవ్వి ఊరుకుంది. ఇంకోసారి అడగలేదు.

అతన్ని మట్టి చేసిన తర్వాత, చర్చివాళ్లు వచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడికకు భోజనాల మాట వచ్చింది. అతని తమ్ముడు జెఫ్రీ వాకిట్లో నిలబడి కోళ్ల వైపు చూశాడు. ఆరు పెట్టలు, ఒక ఎర్ర పుంజు.

"వదినా, ఇవి కోసేద్దాం. ఇంట్ల నాటుకోళ్లు పెట్టుకొని మాకు బాయిలర్ పెట్టిన్రంటరు జనం."

"అననియ్."

"నువ్వా పనికి పోతివి. వీటిని ఎవరు చూస్తరు? పోనీ నేను తీస్కపోత."

"తీస్కపోయి వారానికొకటి తింటవ్. నాకు ఎరుకలేదా జెఫ్రీ? మీ అన్న చేతిల పెరిగినయి ఇవే మిగిలినయ్. వీటి జోలికి రాకు."

కూడికకు బాయిలర్ కోడే వండారు. జనం అననే అన్నారు.

మళ్లీ పనికి ఎక్కకముందే ఒక సాయంత్రం ఆమె గూడు తలుపు తీసి నిలబడింది. కోళ్లు వచ్చాయి. గడప దగ్గర ఆగి, మెడలు చాచి లోపలికి చూశాయి. వెనక్కి తిరిగి ప్రహరీ ఎక్కాయి. ఆమె అతనిలా "బో బో బో" అని పిలిచింది. కట్టె పట్టుకొని తరిమింది. అవి మునగచెట్టు మీదికి ఎగిరాయి.

"ఇగ వాటికి గూడ మీ ఆయనే కావాల్నేమో అక్కా" అంది ఎదురింటి కిరాణా చంద్రకళ, గల్లాపెట్టె దగ్గర్నుంచే.

మూడో పొద్దున ఖాళీ ప్లాటులో రెండు పెట్టల ఈకలు కనిపించాయి. కుక్కలు ఇంకా అక్కడే పడుకొని ఉన్నాయి.

మిగిలినవాటిని ఎలిజబెత్ ఒక్కొక్కటే పట్టి, చేతులు గీరుకుపోతున్నా గూట్లో వేసి గొళ్లెం పెట్టింది. అలవాటు అయ్యేదాకా బయటికి వదలకూడదనుకుంది. నీళ్లు పెట్టింది, నూకలు చల్లింది, పనికి పోయింది. అది ఏప్రిల్ ఎండ. ఆ రోజు మేడమ్ ఇంట్లో చుట్టాలున్నారని పగటి వంటకే పిలిచారు. ఎండ దిగకముందే తిరిగొచ్చి తలుపు తీస్తే లోపల్నుంచి పొయ్యిలోంచి వచ్చినట్టు వేడి కొట్టింది. రెండు పెట్టలు రెక్కలు పరుచుకొని నోళ్లు తెరిచి పడి ఉన్నాయి. ముంగిసను ఆపిన రేకే వాటిని ఉడికించింది. ఆమె వాటిని బయటికి తీసి, మిగిలిన రెండు పెట్టలను, పుంజును నీడలోకి వదిలింది.

తర్వాత ఇక బంధించలేదు. అబ్రహాము గూళ్లు కట్టిన ఇళ్లకు ఫోన్లు చేసి అడిగింది. మా కోళ్లు వాటంతటవే పోతాయమ్మా అన్నారు అందరూ. ఆమె లేనప్పుడు చీకటి పడితే దారి కనపడక దూరట్లేదేమోనన్న ఆలోచన వచ్చింది. పనికి పోయేముందు వాకిట్లో పెద్ద బల్బు వేసి, గూడు తలుపు బార్లా తెరిచి పోవడం మొదలుపెట్టింది. వచ్చేసరికి కోళ్లు ఆ బల్బు కిందే, బండ మీద ముడుచుకొని ఉండేవి. ఒక రోజు ఒకటి తక్కువైంది. ఇంకో రోజు పిల్లి ఇంకోదాన్ని గోడ మీదుగా ఈడ్చుకుపోవడం చంద్రకళ చూసి అరిచింది గాని లాభం లేకపోయింది.

పుంజు ఒక్కటే మిగిలింది. అది తెల్లవారకముందే కూస్తోందని వెనక వెంచరు వాళ్లు వచ్చి మాట్లాడి పోయారు. ఆమె వాళ్ల కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. వారం ఆగుతామన్నారు. అంతవరకు కూడా కుక్కలు ఆగలేదు.

మే నెలాఖరున శ్రావణ్‌కుమార్ వచ్చాడు. పక్కన సగం లేచిన అపార్టుమెంటుకు వాచ్‌మన్, బిహారు పిల్లవాడు. చెల్లెలి పెళ్లికి మట్టల ఆదివారానికి ముందే ఊరికి పోయాడు. చాచా కోసం తెచ్చిన సత్తుపిండి పొట్లం చేతిలో ఉంది. సంగతి విని గడప మీద కూర్చుండిపోయాడు. గూడు వైపు చూశాడు.

"మురిగీలు ఏవి చాచీ?"

"లేవు బేటా. గూట్లకు పోకపాయె. బల్బేసి పోయినా పోకపాయె."

"ఏ బల్బు? ఈ బయటిదా?" అతను తలెత్తి చూశాడు. "చాచా చీకటి పడంగనే ఇది బంద్ చేస్తుండె కదా చాచీ. మొబైల్ టార్చ్ ఆన్ చేసి గూడు లోపల పెడుతుండె. మురిగీకి చీకట్ల కనపడదు, వెలుగు ఉన్న కాడికే పోతది. అన్నీ లోపలికి పోయినాక చెయ్యి పెట్టి మొబైల్ తీసుకుంటుండె."