వీపు దిగిన ఇంజను

పేదవాడి కోపం పెదవికి చేటు అంటారు. ఈ సామెత పుట్టించినవాడు పేదవాడై ఉండడు, అది మాత్రం ఖాయం. ఈదులగుంట పల్లెలో కొండమ్మ తన మొగుడు దానయ్యకు ఈ సామెతను రోజుకు రెండుసార్లు వినిపించేది. పొద్దున పొయ్యి దగ్గర ఒకసారి, సాయంత్రం అతను ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టినప్పుడు ఒకసారి. నలభై ఎనిమిదేళ్ళకు దానయ్య సంపాదించిన ఆస్తి కోపం ఒక్కటేనని పల్లెలో వెనకమాటుగా అనుకునేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ కోపం ఊరికే రాలేదు. పద్దెనిమిదేళ్ళు అతని వీపు మీద ఇంజను ఉంది. పత్తికీ మిరపకీ పురుగుమందు కొట్టే స్ప్రేయరు ఇంజను. ఇనుప చట్రానికి కింద చిన్న పెట్రోలు ఇంజను, పైన పది లీటర్ల మందు ట్యాంకు, భుజాలకు తగిలించుకోవడానికి రెండు పట్టీలు. తాడు లాగితే మోగుతుంది. మోగినంతసేపూ వీపు మీద అదురుతూనే ఉంటుంది, వెన్నుపూసలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు. పచ్చపురుగు ఊళ్ళ మీద పడిన ఏళ్ళలో వారానికి రెండు దఫాలు కొట్టేవాళ్ళు. రోజుకు ఇరవై ట్యాంకులు. ఇంజను బుల్లయ్య గారిది, ఇరవై ఎకరాల పత్తి బుల్లయ్య గారిది, వీపు మాత్రం దానయ్యది.

నిండు ట్యాంకును ఒక్కడే ఎత్తుకోలేడు గనక బుల్లయ్య గారి పాలేరు అంకయ్య వెనక నుంచి ఎత్తి తగిలించేవాడు. బుల్లయ్య గారు గట్టు మీద, గాలి వచ్చే వైపున, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి, "కానీరా, పొద్దెక్కుతోంది" అనేవాడు. పద్దెనిమిదేళ్ళూ అదే మాట. పొద్దు ఏనాడైనా ఎక్కకుండా ఆగిందా?

చివరికి దానయ్య ఎడమకాలు చచ్చుపడింది. నడుములో నరం నొక్కుకుపోయిందని, బరువులు ఎత్తవద్దని గుంటూరు పెద్దాసుపత్రిలో చెప్పారు. ఆ సంగతి చెప్పుకుందామని వెళితే బుల్లయ్య గారు అరుగు మీద నుంచి లేవకుండానే, "వయసు మీద పడితే ఎవరికైనా అంతేరా, నా మోకాళ్ళూ నొప్పులే" అన్నాడు. దానయ్య పళ్ళు కొరుక్కుని వచ్చేశాడు.

తర్వాత పురుగును తట్టుకునే కొత్త పత్తి విత్తనాలు వచ్చాయి. పచ్చపురుగు మందుల పని తగ్గిపోయింది. బుల్లయ్య గారు మిరపకు వేరే కొత్త స్ప్రేయరు కొనుక్కున్నాడు. పాత ఇంజను కొట్టంలో కోళ్ళు రెట్టలేసే మూలకు చేరింది. రెండు వేల అయిదులో ఒక రోజు ఆయనే దానయ్యను పిలిచి, "ఆ తుప్పుముక్కను తీసుకుపోరా, అడ్డంగా ఉంది. పాత ఇనప సామాన్ల వాడు కూడా దాని మొహం చూడటం లేదు" అన్నాడు. అంకయ్యే దాన్ని సైకిలు క్యారియరు మీద పెట్టి కట్టాడు.

దానయ్య దాన్ని ఎందుకు తెచ్చాడో తెలుసా? పగలగొట్టడానికి. పెద్ద సుత్తి ఇవ్వమని సైకిలు షాపు మాబు సాహెబ్ దగ్గరికి పోయాడు. మాబు సాహెబ్ సుత్తి ఇవ్వకుండా ముందు విషయం అడిగాడు. తర్వాత ఇంజనులో చుక్క పెట్రోలు పోసి, ప్లగ్గు తుడిచి, తాడు లాగాడు. నాలుగోసారికి అది మోగింది.

"అరె, ప్రాణంతో ఉన్నదాన్ని చంపుతావా దానయ్యా?" అన్నాడు. "నువ్వు దీన్ని పద్దెనిమిదేళ్ళు మోశావు. ఇప్పుడు ఇది నిన్ను మొయ్యాలి. మోయిద్దాం."

ఆ మాట దానయ్యకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పైగా అవసరం కూడా ముంచుకొచ్చింది. తొమ్మిది కిలోమీటర్ల దూరాన మార్టూరులో రాయి పాలిష్ చేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర మనిషి కావాలన్నారు. కుర్చీలో కూర్చుని వచ్చే లారీల నంబర్లు రాసుకునే పని. ఆ నడుముతో అతను చేయగలిగిన పని భూమ్మీద అదొక్కటే. కాకపోతే ఏడింటికల్లా గేటు తియ్యాలి. ఊరికి మొదటి బస్సు ఎనిమిదింపావుకి. ఒంటికాలితో తొమ్మిది కిలోమీటర్లు తొక్కలేడు, తొక్కి చూశాడు, మూడో మైలురాయి దగ్గర గట్టున కూలబడి ఏడ్చాడు కూడా.

మాబు సాహెబ్ ఆదివారం ఆదివారం కూర్చుని నెల రోజుల్లో పని ముగించాడు. మందు ట్యాంకు తీసేశాడు. గాలి కొట్టే ఫ్యాను ఊడదీసి, ఆ ఇరుసుకు లేతు మీద తిప్పించిన ఇనుప రోలరు బిగించాడు. చట్రాన్ని క్యారియరు మీద ఒక బోల్టుతో, తలుపుకు మడతబందులా పైకీ కిందికీ ఆడేట్టు పెట్టాడు. చేతి దగ్గర మీట వదిలితే రోలరు వెనక టైరు మీద కూర్చుంటుంది, టైరు తిరుగుతుంది, సైకిలు పరుగెడుతుంది. మీట లాగితే రోలరు పైకి లేస్తుంది. రోలరు ఎగిరెగిరి పడకుండా పాత వీపు పట్టీలతోనే, మీట లాగితే లేచేంత వదులు ఉంచి, ఇంజనును క్యారియరుకు కట్టాడు. సైకిలు పాతదే, రంగు పాతదే, మోత మాత్రం ఊరంతా వినపడేది.

ఇక్కడ బుల్లయ్య గారి అరుగు సంగతి చెప్పాలి. పల్లె నుంచి రోడ్డెక్కాలంటే ఆ అరుగు ముందున్న మలుపు తిరగాల్సిందే. పల్లెవాళ్ళు సైకిలు మీద వస్తే అక్కడ దిగి, నడిపించుకుంటూ దాటి, మళ్ళీ ఎక్కేవాళ్ళు. దిగమని చట్టం లేదు, చాటింపు లేదు. దానయ్య తండ్రి దిగాడు, దానయ్య దిగాడు. ఆ రోజులు పోయాయి, ఇప్పుడెవడు దిగుతున్నాడండీ అని ఊళ్ళో పెద్దమనుషులు అంటారు. కుర్రవాళ్ళు దిగడం లేదు, నిజమే. నలభై దాటిన వాళ్ళ కాళ్ళను ఎవరైనా అడిగారా?

మొదటి రోజు దానయ్య కాళ్ళు అతన్ని అడగలేదు. మలుపు రాగానే అలవాటు కొద్దీ దిగబోయాడు. మీట లాగడం మరిచిపోయాడు. మనిషి కింద పడ్డాడు, సైకిలు మాత్రం తాడు తెంచుకున్న దూడలా ముందుకు పోయి పత్తి కట్టె వాములో దూరింది. అరుగు మీద బుల్లయ్య గారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. దానయ్య ఆ నవ్వు వింటూ, ఆయన ఎదుటే వంగి, పదకొండుసార్లు తాడు లాగాడు. పదకొండోసారికి ఇంజను మోగింది.

"దిగమని ఎవరు చెప్పారయ్యా నీకు?" అంది ఆ సాయంత్రం కొండమ్మ, మోచేతికి పసుపు అద్దుతూ.

"ఎవడూ చెప్పలేదే. నా కాళ్ళే దిగినయ్. నరికెయ్యాలి ఈ కాళ్ళని."

మర్నాటి నుంచి దానయ్య దిగలేదు. ఆపితే మళ్ళీ తాడు లాగాలి, లాగితే నడుం పట్టేస్తుంది, కాబట్టి దిగడం లేదని పైకి చెప్పుకునేవాడు. అది సగం నిజం. మిగతా సగం మలుపు దగ్గర అతను నడుం నిటారుగా పెట్టుకునే తీరులో కనిపించేది. బుల్లయ్య గారికీ అదే కనిపించింది.

మూడు వారాలు ఓర్చుకున్నాడు ఆయన. దిగలేదేమిరా అని అడగడానికి నోరు రాదు, కాలం మారిందని పంచాయతీ ఆఫీసులో ఉపన్యాసాలు చెప్పే మనిషి. కాబట్టి ఇంకో దారి వెతికాడు. ఆదివారం ప్రార్థన అయి చర్చి నుంచి జనం బయటికి వస్తుంటే అంకయ్య వచ్చి చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మా అయ్య ఇంజను తెచ్చియ్యమంటన్నాడు దానయ్యా."

"ఏ ఇంజను?"

"అదే. ఆయనదంట. వాడుకోమన్నాను గానీ ఇచ్చెయ్యలేదు గదా అంటన్నాడు."

దానయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. గడ్డివాము దగ్గర కుక్క తాను తినదు, ఆవును తిననివ్వదు. ఆ కుక్కకు కనీసం గడ్డి మీదే పట్టింపు ఉంటుంది, ఈయనకు ఇంజను మీద కూడా లేదు.

ఇంటికి రాగానే కొండమ్మ సామెత మొదలుపెట్టింది. "ఇచ్చెయ్యవయ్యా. మిరప కోతలకు రేపు ఆయన చేలోకే పోవాల నేను. పేదోడి కోపం..."

"ఇచ్చేస్తే మార్టూరు ఎట్టా పోవాల? నీ సామెత ఎక్కి పోనా?"

కొండమ్మ చేటలో బియ్యం పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. గేటు పని పోతే ఇంట్లో అన్నం కుండ ఆమె ఒక్కతే నింపాలి. అది ఇద్దరికీ తెలుసు.

సోమవారం ఆరుంపావుకి మలుపు దగ్గర ఇంజను మోత ఆగింది. బుల్లయ్య గారి ఇంటికి ఎదురుగానే పాల కేంద్రం, క్యాన్లతో చెంబులతో ఇరవైమంది దాకా ఉన్నారు. దానయ్య మీట లాగి, ఇంజను ఆపి, ఈసారి కావాలని దిగాడు. ఒక్క మాట మాట్లాడకుండా సంచీలోంచి పానా తీసి బోల్టు విప్పాడు. పట్టీలు విప్పాడు. ఇంజనును చట్రంతో, పట్టీలతో సహా రెండు చేతులా ఎత్తి, నడుం కలుక్కుమంటున్నా ఆపకుండా, తెచ్చి అరుగు అంచున పెట్టాడు.

"మీ ఇంజనండీ. తీసుకోండి."

"అట్టా దారికి రావాల" అన్నాడు బుల్లయ్య గారు పాల కేంద్రం వైపు ఒక చూపు విసిరి. "ఒరేయ్ అంకయ్యా, లోపల పెట్టరా దీన్ని."

"అంకయ్య వద్దండీ" అన్నాడు దానయ్య. "పద్దెనిమిదేళ్ళు మీ ఇంజను నేను మోశా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మీరు మొయ్యండి. అరుగు మీద నుంచి కొట్టందాకా. ఇరవై అడుగులుండదు. తర్వాత నేనీ దారిన నడుచుకుంటానే పోతా."

"ఏంట్రా, నోరు లేస్తోంది?"

"లేస్తోందండీ. నడుం లేవదు గదా, నోరన్నా లేవాల."

బుల్లయ్య గారు మళ్ళీ అంకయ్యను పిలిచాడు. అంకయ్య గడ్డి తట్ట కింద పెట్టాడు గానీ దగ్గరికి రాలేదు. "తీసుకుపొమ్మని మీరే అన్నారు గదయ్యా. సైకిలు మీద కట్టింది నేనే" అన్నాడు, నేల చూపులు చూస్తూ. జీవితంలో అతను ఆయనకు ఎదురుచెప్పిన మాట అదొక్కటే అయివుంటుంది.

పాల కేంద్రం దగ్గర చెంబుల చప్పుడు ఆగిపోయింది. అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గడం ఇరవై ఎకరాల ఆసామికి చేతనవుతుందా? "ఇదేమన్నా కొండా?" అంటూ ఆయన అరుగు అంచున కూర్చుని, పట్టీలు భుజాలకు తగిలించుకుని లేచాడు. చెమటతో, మందుతో బిగుసుకుపోయిన పట్టీలవి, తోలు మీద గీరుకుపోతాయి. ఒక అడుగు వేశాడు, రెండు వేశాడు. ఏడో అడుగుకు చెయ్యి గోడను వెతుక్కుంది. పాత మందు వాసన ముక్కుకు కొట్టింది కాబోలు, మొహం వికారంగా పెట్టాడు. తొమ్మిదో అడుగుకు కూలబడ్డాడు.

"ఓరి నాయనో, ఇంత బరువేంట్రా ఇది" అన్నాడు, ఏం అంటున్నాడో తనకే తెలియకుండా.

"అది ఖాళీదండీ" అన్నాడు దానయ్య. "ట్యాంకు తీసేశాం. నా వీపు మీద ట్యాంకూ ఉండేది, దాని నిండా మందూ ఉండేది, పైన మీ మాట ఉండేది, పొద్దెక్కుతోందని."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బుల్లయ్య గారు తిట్టడానికి వీలుండేది. ఆయన పట్టీల్లోంచి ఒక్కొక్క భుజమే లాక్కుని, గోడ పట్టుకుని లేచి, ఇంజను వైపు చూడకుండా లోపలికి పోయాడు. తలుపు వేసుకోలేదు, బయటికీ రాలేదు.

దానయ్య అరుగెక్కి, పుట్టిన తర్వాత మొదటిసారి ఆ అరుగెక్కి, ఇంజను పట్టబోయాడు. అంకయ్య వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. పట్టీలను దానయ్య చట్రం నుంచి ఊడదీసి, అరుగు మీద, సరిగ్గా బుల్లయ్య గారు రోజూ కూర్చునే చోట పడేశాడు. బోల్టు మళ్ళీ బిగించి, సంచీలో ఉన్న పాత ట్యూబు ముక్కతో ఇంజనును క్యారియరుకు కట్టాడు.

మార్టూరు గేటు దగ్గరికి ముప్పావుగంట ఆలస్యంగా చేరాడు. సూపర్‌వైజరు నానా మాటలూ అన్నాడు, ఇంకోసారి ఇలా అయితే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. దానయ్య పుస్తకం తెరిచి, వచ్చిన లారీ నంబరు రాసుకున్నాడు. ఆ రోజుకు అతని మాటలన్నీ అయిపోయాయి.

సాయంత్రం తిరిగొస్తుంటే పట్టీలు అరుగు మీద అలాగే ఉన్నాయి, ముట్టుకున్న నాథుడు లేడు. దానయ్య మలుపు తిరిగాడు. చచ్చుబడిన ఎడమకాలు పెడలు మీద నుంచి కదల్లేదు.

ఇంటి దగ్గర కొండమ్మ వాకిట్లోనే ఉంది. మిరప చేలో అందరూ ఆమెకు కథ మొత్తం చెప్పేశారు. కూలికి రావద్దని మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

"అయితే ఇంక నీ కోపం పోయినట్టేనా?" అంది.

దానయ్య చెప్పులు విసిరికొట్టాడు.

"ఎందుకు పోద్దే? ఆయన మోసింది తొమ్మిది అడుగులు."