అన్న వేళ్ళకు తెలిసిన కీబోర్డు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా వదిన. దసరా మర్నాడు పొద్దున నేను తులసమ్మకు నీళ్ళు పోస్తున్నాను. దుకాణం గదిలోంచి ఆమె వచ్చి, మామూలు గొంతుతోనే అన్నది.

"కంప్యూటర్ల ఏం లేదట. కార్డులన్ని పోయినయట. మీ అన్న గోడకు ఒరిగి కూసున్నడు."

మా ఇల్లు బోధన్‌లో, బస్టాండు వెనక సందులో. ముందు గది అన్న దుకాణం, వెనక మేము ఉంటాం. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం పిలుపులు, దశదిన కర్మ కార్డులు అన్న టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి నిజామాబాద్ ప్రెస్సుకు పంపేవాడు. అక్కడ అచ్చయ్యేవి. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా కాలు పడిపోయింది. బడి మొహం చూడలేదు. అన్నే ఇంట్లో కూర్చోబెట్టి నాకు అక్షరాలు నేర్పాడు. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది స్వామి దయ, ఆయన చేతి చలవ.

అన్నకు కొన్నేళ్ళుగా కంటి నరం ఎండిపోతూ వస్తోంది. తెర మీద వెలుగు తెలుస్తుంది గానీ అక్షరం ఆనదు. అయినా దుకాణం ఆగలేదు, ఎందుకంటే ఆ పాత టైపింగ్ ప్రోగ్రాం, దాని కీబోర్డు ఆయన వేళ్ళకు కంఠతా వచ్చు. టైపు చేసింది నేను చదివి వినిపిస్తే తప్పులు దిద్దేవాడు.

ఆ ప్రోగ్రాం కొన్నది కాదు. ఈ పనిలో ఉన్న చాలామందిలాగే ఎవరి దగ్గర్నుంచో ఎక్కించుకొచ్చింది. అది నడవాలంటే వైరస్‌ను పట్టే కాపలా ప్రోగ్రాంను ఆపేయాలి. అందరూ ఆపేవాళ్ళు, అన్నా ఆపాడు. అందుకు బదులుగా ఒక జాగ్రత్త మాత్రం తీసుకున్నాడు. చేసిన కార్డులన్నిటికీ నకలు తీసి, విడి డిస్కులో పెట్టి బీరువాలో దాచేవాడు.

దసరా నాడు ఆ డిస్కు బయటికి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పనిముట్లన్నీ పూజకు కూర్చోవాలి. పూజలో పనిముట్టు ఊరికే పడి ఉండకూడదని మా బాపు కాలం నుంచీ పట్టింపు. బాపు దర్జీ. బొట్టు పెట్టాక కుట్టుమిషను చక్రం ఒకసారి తిప్పి వదిలేవాడు. అన్న కూడా అట్లాగే కంప్యూటర్ ఆన్ చేసి, ఆ డిస్కునూ ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నిటినీ దానికి గుచ్చాడు. అన్నిటి లైట్లూ వెలిగాయి. హారతి ఇచ్చాం. పూజకు పెట్టింది మర్నాటిదాకా కదపకూడదు గనుక అట్లాగే ఉంచాం. కంప్యూటర్‌లో దాగి ఉన్న వైరస్ ఆ పూజలోనే అన్నిటికీ పాకింది.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన నిజామాబాద్ నుంచి బండి మీద వచ్చాడు. ఎంతో ఓపికగా కూర్చుని వైరస్ తీశాడు. కొన్ని కార్డులు తిరిగి దొరికాయి. వారం గడవకముందే మళ్ళీ అదే తంతు. మళ్ళీ వచ్చాడు.

"ఎన్నిసార్లు తీసినా వస్తది అన్నా. అది నీ టైపింగ్ ప్రోగ్రాంలనే కూసున్నది."

"దొంగనేమో ఇంట్లనే పండవెట్టుకొని, మనం తలుపులకు గొళ్ళాలు ఏస్తున్నమన్నట్టు," అన్నది వదిన.

"మరి అసలుది కొంటే?" అని నేనడిగాను.

"ఆ పాతది ఇప్పుడు దొరుకుతలేదక్కా. ఒక పని జేయొచ్చు. మొత్తం తుడిచి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఏస్త. ఈ వైరస్సులు దాన్ని పట్టయి. గని అన్న ప్రోగ్రాం అండ్ల నడువది. కీబోర్డు కొత్తగ నేర్సుకోవాలె."

అన్న కీబోర్డును ఒకసారి వేళ్ళతో తడిమాడు. "ఇప్పటికైతే తీసెయ్యి, ఎన్నొద్దులు నడిస్తే అన్నొద్దులు," అన్నాడు.

నడిచింది కొద్ది రోజులే. ప్రెస్సు యజమాని ఫోన్ చేశాడు. మంచి మనిషి, గొంతు పెంచలేదు. "అన్నా, నీ పెన్‌డ్రైవ్ పెట్టినంక మా కంప్యూటర్లు పడ్డయి. మిషన్ ఆగింది. ఏమనుకోకు, ఇగ పంపకు."

అన్న ఫోన్ పెట్టేసి, బాగుచేసే ఆయనను మళ్ళీ పిలిపించాడు. "తుడిచెయ్యి. నా దిక్కెల్లి ఇంకొకల పని మునుగొద్దు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు తన బతుకుతెరువుకు తానే మంగళం పాడుతున్నట్టు ఆయనకు తెలుసు.

కొత్త సిస్టమ్ శుభ్రంగా నడిచింది, ప్రెస్సువాళ్ళు మళ్ళీ పంపమన్నారు. దొరికిన పాత కార్డులు అందులో తెరిస్తే, పాత ప్రోగ్రాం లేదు గనుక, అక్షరాలకు బదులు గీతలూ చుక్కలూ వచ్చాయి. అన్న రోజూ సాధన చేశాడు. నేను పక్కన కూర్చుని ఏ మీట ఎక్కడో చెప్పేదాన్ని. వేళ్ళు మాత్రం పాత చోటికే పోయేవి.

"ఇల్లు మారినమని ఈటికి ఇంక తెల్వలేదే," అని నవ్వేవాడు మొదట్లో. తర్వాత నవ్వడం మానేశాడు.

ఒకరోజు రెంజల్ వైపు నుంచి ఒకతను వచ్చాడు. తండ్రి పోయాడు, కర్మ కార్డులు సాయంత్రానికి ప్రెస్సుకు అందాలి. నేను టైపు చేస్తానంటే అన్న ఒప్పుకోలేదు. మధ్యాహ్నం దాటింది. పైన దేవుడి పేరు, చనిపోయిన ఆయన పేరు, అంతే అయ్యాయి. అతను రోడ్డు వైపు చూస్తూ ఎంతో మర్యాదగా కూర్చున్నాడు. చివరికి లేచి, తాను రాసి తెచ్చిన కాగితం బల్ల మీది నుంచి తీసుకున్నాడు.

"నిమ్మళంగ ఉండన్నా. నేను పక్క దుకాణంల జేపిచ్చుకుంట. మా బాపు దినం ఆగదు గదా."

అన్న తలూపాడు. ఆ కుర్చీలో ఆయన మళ్ళీ కూర్చోలేదు.

ఇప్పుడు టైపింగ్ నేను చేస్తున్నాను. పాతది నా వేళ్ళకు రాదు గనుక కొత్తది తొందరగానే పట్టుబడింది. ప్రెస్సువాళ్ళు పెన్‌డ్రైవ్ తీసుకుంటున్నారు. ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. అందుకు స్వామికి దండం పెట్టుకుంటాను. ఎన్నిసార్లు పిలిచినా విసుక్కోకుండా వచ్చిన ఆ బాగుచేసే ఆయనకూ, పూజ సంగతి ఎత్తి ఒక్కనాడూ అన్నను దెప్పని వదినకూ మనసులో మొక్కుకుంటాను.

కానీ నేను మొదలుపెట్టి మీటల చప్పుడు కాగానే అన్న లేచి వెళ్ళిపోతాడు. ఒకసారి తప్పులు దిద్దమని చదవబోయాను. "మంచిగనే ఉంటది తియ్యి," అని గోడ తడుముకుంటూ వాకిట్లోకి నడిచాడు. ఆయనకిప్పుడు వెలుగు కూడా సరిగా తెలియదు.

బోధన్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మీ ఇంటి పెళ్ళి పిలుపో, మీ పెద్దల కర్మ కార్డో మా అన్న వేళ్ళ మీదుగా వచ్చిందే కావచ్చు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. మీరు దేవుడికి మొక్కుకునేటప్పుడు మీ వాళ్ళతో పాటు ఆయన్నీ ఒకసారి తలుచుకోండి.